నౌక మీద సున్నం లెక్క

విశాఖపట్నంలో సముద్రశాస్త్రం చదువుకుని ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌కు ఉద్యోగానికి వచ్చిన నన్ను, అక్కడ నీ పనేమిటని ఊళ్లో ఎవరైనా అడిగితే, సముద్రంలో రోజుకు ఎంత సున్నం తయారవుతోందో కొలుస్తానని చెబుతుంటాను. ఆల్చిప్పలు కాల్చి గుల్ల సున్నం చేయడం ఎరిగిన మా తీరప్రాంతపు పెద్దవాళ్లకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది. అయితే నేను కొలిచే సున్నం తయారుచేసే జీవులు కంటికి కనిపించవు. కాకోలిథోఫోర్లనే ఈ వృక్షప్లవకాలలో (నీటిలో తేలుతూ మొక్కల్లా వెలుతురుతో బతికే సూక్ష్మజీవులలో) అందరికీ బాగా తెలిసిన ఎమిలియానియా హక్స్‌లీ కణం దాదాపు 5 మైక్రోమీటర్లు ఉంటుంది. అది నేను సున్నం అంటున్న కాల్షియం కార్బొనేటు పలకలను తన లోపలే తయారుచేసి, ఒక్కొక్కటిగా బయటికి నెట్టి ఒంటి చుట్టూ కప్పుకుంటుంది. ఈ జీవులు విపరీతంగా పెరిగి పలకలు రాల్చే వేసవి రోజుల్లో ఇంగ్లీష్ చానల్‌లో నీరు పాలు కలిపినట్టు తెల్లబడి, ఉపగ్రహ చిత్రాల్లో సైతం స్పష్టంగా కనిపిస్తుంది.

నీటిలో ఉన్న సున్నం ఎంతో చెప్పడం పెద్ద కష్టం కాదు. నీటిని వడగట్టి, ఫిల్టర్ మీద మిగిలినదాన్ని ఆమ్లంలో కరిగించి, అందులోని కాల్షియంను కొలిస్తే సరిపోతుంది. కానీ అందులో నిన్నటిదీ, మొన్నటిదీ, చచ్చిన కణాలు వదిలిపోయినదీ అన్నీ కలిసి ఉంటాయి. ఈ ఒక్కరోజులో కొత్తగా తయారైనది ఎంత అన్నదే అసలు ప్రశ్న.

విశాఖలో బ్యూరెట్ పట్టుకుని టైట్రేషన్లు చేసి చేసి చేయి తిరిగినవాణ్ని కనుక, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తటస్థం చేసే నీటి సామర్థ్యం) తగ్గుదలను బట్టి ఆ లెక్క తేల్చవచ్చు కదా అని మొదట్లో నాకూ అనిపించింది. ఒక మోల్ కాల్షియం కార్బొనేటు ఏర్పడితే నీటి ఆల్కలినిటీ రెండు మోల్‌ల మేర తగ్గుతుంది, సూత్రం చక్కగానే ఉంది. కానీ సముద్రపు నీటి ఆల్కలినిటీ కిలోకు సుమారు 2,300 మైక్రోమోల్‌లు ఉంటే, ఎంత మంచి ప్రయోగశాలలోనైనా ఒకటి రెండు మైక్రోమోల్‌ల తేడా రాక తప్పదు. నడిసముద్రంలో ఒక లీటరు నీటిలో రోజంతా ఏర్పడే సున్నం చాలా చోట్ల ఒక మైక్రోమోల్ కూడా ఉండదు. కణాలు కిక్కిరిసి పెరిగే ప్రయోగశాల ఫ్లాస్కుల్లో పనికొచ్చే ఆ పద్ధతి నౌక మీద పనికిరాదు.

అందుకే, అతి కొద్దిగా ఉన్నా లెక్కకు దొరికే రేడియోధార్మిక కార్బన్-14 వాడతాం. తెల్లవారక ముందే నిస్కిన్ సీసాలు వేర్వేరు లోతుల నుంచి తెచ్చిన నీటిని చిన్న సీసాల్లో నింపి, కార్బన్-14 ఉన్న బైకార్బనేటును కొద్దిగా కలిపి, ఆయా లోతుల్లో అందే వెలుతురుకు తగిన నీలి ఫిల్టర్లున్న తొట్లలో 24 గంటలు ఉంచుతాం. ఒక్కో లోతుకు మూడు సీసాలు బతికున్న కణాలతో ఉంటాయి, నాలుగోదానిలో ఫార్మాలిన్ వేసి కణాలను ముందే చంపేస్తాం. మర్నాడు వడగట్టిన ఫిల్టర్‌ను గాజు వయల్‌లో పెట్టి, రబ్బరు మూత బిగించి, మూత కింద వేలాడే బుల్లి గిన్నెలో ఫెనైల్‌ఇథైలమైన్‌తో తడిపిన మరో ఫిల్టర్‌ను అమర్చి, మూతలోంచి సూదితో పలచని ఫాస్ఫారిక్ ఆమ్లం ఎక్కిస్తాం. పలకలు కరిగి వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను పైనున్న ఫిల్టర్ పట్టుకుంటుంది, కిరణజన్య సంయోగక్రియ ద్వారా కణంలో చేరిన కార్బన్ అడుగు ఫిల్టర్ మీదే మిగులుతుంది. ఇలా ఒకే సీసా నీటి నుంచి రెండు లెక్కలూ వస్తాయి. నార్వేకు చెందిన పాషె, బ్రూబాక్ 1994లో వివరించిన ఈ పద్ధతిని అమెరికాలోని విలియం బాల్చ్ బృందం సముద్రయానాలకు అనువుగా మలిచింది. అరేబియా సముద్రంలో రుతుపవనాలకూ ఈ సున్నం ఉత్పత్తికీ ఉన్న సంబంధం మీద 2000లో వచ్చిన పరిశోధన కూడా వాళ్లదే.

ఈ పని అంతా డెక్ మీద కట్టేసిన ఒక షిప్పింగ్ కంటైనర్‌లోనే చేయాలి. లోపల వేసుకున్న కోటూ బూట్లూ లోపలే విడిచి రావాలి. ఇదంతా మా ప్రాణభయం వల్ల అనుకుంటే పొరపాటు. సముద్రంలో సహజంగా ఉండే కార్బన్-14ను కొలిచే శాస్త్రవేత్తలు అదే నౌకలో తర్వాత ప్రయాణిస్తారు, తలుపు పిడికి అంటిన ఒక్క చుక్క వాళ్ల కొలతలను పాడుచేయగలదు. అందుకే పిడులూ బల్లలూ నేలా తుడిచిన కాగితాలను కూడా, రేడియోధార్మికతను లెక్కించే సింటిలేషన్ కౌంటర్‌లో పెట్టి చూస్తాం. ఇది విని మా మేనమామ ఫోన్‌లో, "ఒరేయ్, ఒంటికేమీ కాదు కదా?" అన్నాడు. "దాని బీటా కిరణాలు చాలా బలహీనం మామయ్యా, సీసా గాజును కూడా దాటలేవు" అన్నాను. ఆయన నమ్మాడో లేదో తెలియదు.

నిజానికి నౌక ఉద్యోగంలో నన్ను ఎక్కువగా సతాయించేది నా పాస్‌పోర్టే. యాత్ర ఐస్‌లాండ్‌లో ముగుస్తుందంటే బ్రిటిష్ సహోద్యోగులు సంచి సర్దుకుని దిగిపోతారు, నేను మాత్రం నెలల ముందే షెంగెన్ వీసా కోసం బ్యాంకు కాగితాలు పోగుచేయాలి. ఆరోగ్య ధ్రువపత్రం, నారింజరంగు ప్రాణరక్షక దుస్తులు వేసుకుని కొలనులో దూకే శిక్షణ అందరికీ ఉన్నవే కనుక వాటి గురించి నాకే ఫిర్యాదూ లేదు.

సముద్రం ఆమ్లమయం అవుతోందట, మరి ఈ పలకలు కరిగిపోతాయా అని అడిగేవాళ్లు ఒక్కమాటలో జవాబు కోరుకుంటారు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే సున్నం తయారీ తగ్గుతుందని 2000లో ఒక ప్రయోగం చెప్పింది. పెరుగుతుందని 2008లో సౌతాంప్టన్ పరిశోధకుల నేతృత్వంలో జరిగిన ప్రయోగం చెప్పింది. మొదటివాళ్లు నీటికి ఆమ్లం కలిపి పీహెచ్ మార్చారు, రెండోవాళ్లు కార్బన్ డయాక్సైడ్ వాయువును బుడగలుగా పంపారు. ఆమ్లం కలిపితే ఆల్కలినిటీ కూడా మారుతుంది, వాయువు పంపితే మారదు. పైగా ఒకే జాతిలోని వేర్వేరు రకాలు వేర్వేరుగా స్పందిస్తాయని ఆ తర్వాత తేలింది. కాబట్టి ఎవరైనా అంకె చెప్పినప్పుడు, ఆ నీటిని ఎలా మార్చారు, ఏ రకం కణాలు వాడారు అని అడగకుండా నేను దాన్ని తలకెక్కించుకోను.

నా అంకెల విషయంలో అడగవలసింది ఫార్మాలిన్ వేసిన నాలుగో సీసా గురించి. కణాలు చచ్చినా దాని లెక్క ఎప్పుడూ సున్నా రాదు, ఎంతో కొంత కార్బన్-14 ఫిల్టర్‌కు అంటుకునే ఉంటుంది. సున్నంలోకి చేరే కార్బన్ సాధారణంగా కిరణజన్య సంయోగక్రియలో చేరేదానిలో కొద్ది శాతమే కనుక, ఆ నాలుగో సీసా లెక్కను తీసివేశాక కొన్నిచోట్ల మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అలాంటి చోట మూడు సీసాల సగటు ఎంత ముచ్చటగా కనిపించినా, పట్టికలో ఆ అంకె వేయకుండా కొలవగలిగే కనీస పరిమితి కంటే తక్కువగా ఉందని రాసి, నాలుగు సీసాల లెక్కలనూ పక్కనే ఉంచుతాను.