ఎం-బుక్కులో 214 మీటర్లు

2025 జూలై 8, మంగళవారం

తెల్లవారి ఆరున్నరకే టేపు పట్టుకొని కాలువ వెంట నడిచాను. ఒక కొసను ఎదురింటి కుర్రవాడు పట్టుకున్నాడు. ముప్పై మీటర్ల టేపు కావడం వల్ల ఆరుసార్లు పరచవలసి వచ్చింది. మా వీధి మొదట్లో ఉన్న కరెంటు స్తంభం నుంచి మెయిన్ రోడ్డు కల్వర్టు దాకా 176 మీటర్లు తేలింది. మా మాజీ కౌన్సిలర్ గారు పదవీకాలం ముగిసేముందు ఇంటింటికీ పంచిన కరపత్రంలో మాత్రం ఈ వరద కాలువ పొడవు 214 మీటర్లని ఉంది. ఆ 38 మీటర్లు ఎవరి జేబులోకి వెళ్లాయన్నదే ఆరు నెలలుగా మా కాలనీలో నలుగురు కలిసిన ప్రతిచోటా జరిగే చర్చ. తిన్నవాళ్ల పేర్లు కూడా చెప్పుకుంటారు గాని, కాగితం చూసినవాళ్లు ఎవరూ లేరు. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో లెడ్జర్లు సరిచూసినదాన్ని కాబట్టి, ఆ పని నా నెత్తిన పడింది.

ఈరోజు దాకా రావడానికే రెండు నెలలకు పైగా పట్టింది. ఏప్రిల్ 28న పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి మునిసిపల్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చాను. చట్టం చెప్పిన ముప్పై రోజుల్లో జవాబు రాలేదు. జూన్ 2న మొదటి అప్పీలు వేశాను. అక్కడా పని జరగకపోతే రెండో అప్పీలుతో తెలంగాణ రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లవలసి వచ్చేది. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఆ కమిషన్‌లో కమిషనర్లే లేరు, కొత్తవారు వచ్చింది ఈ మే నెలలోనే. అప్పటిదాకా పేరుకుపోయిన అప్పీళ్ల వెనుక నాది ఎన్నో వరుసలో నిలబడేదో ఊహించుకోవడానికే భయం వేసింది. అదృష్టవశాత్తూ, వచ్చి రికార్డులు చూసుకోవచ్చునంటూ గత గురువారం ఉత్తరం వచ్చింది.

నేను దరఖాస్తులో జిరాక్సు కాపీలతో సరిపెట్టుకోకుండా, సెక్షన్ 2(జె) కింద పనిని, రికార్డులను స్వయంగా తనిఖీ చేస్తానని రాశాను. ఆ సెక్షన్‌లో పని జరిగిన చోటును చూసే హక్కూ ఉంది, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కూ ఉంది. ఇరవై ఏళ్లుగా అమల్లో ఉన్న చట్టంలో ఇంత పదునైన మాట ఉందని నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. కాపీ అడిగితే వాళ్లు ఇవ్వదలచిన పేజీయే ఇస్తారు. పుస్తకం చేతికి వస్తే దాని ముందు పేజీ, వెనుక పేజీ కూడా కనిపిస్తాయి.

పదకొండు గంటలకు ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఒక బల్ల చివర కూర్చోబెట్టారు. "ఇది చదివి ఏం చేస్తరమ్మా, అన్నీ కొలతలే ఉంటయి," అంటూ గుమాస్తా ఒక పొడవాటి అట్ట పుస్తకాన్ని నా ముందు పెట్టాడు. దానినే మెజర్‌మెంట్ బుక్ అంటారు, అక్కడివాళ్ల నోట ఎం-బుక్. అచ్చువేసిన పేజీ నంబర్లు, అడ్డంగా గళ్లు, ఒక్కో గడిలో పొడవు, వెడల్పు, లోతు ఉన్నాయి. పని ఎంత జరిగిందో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, స్వయంగా కొలిచి ఇందులో రాయాలి, పై ఇంజినీరు చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెట్టాలి, బిల్లు దీని మీదే పుడుతుంది. ఇందులో అంకెలను చెరిపి దిద్దకూడదు. తప్పు రాస్తే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం చేయాలి. మా బ్యాంకు లెడ్జర్లకూ అదే మర్యాద ఉండేది. 37వ పేజీలో 0.45 మీద ఒక గీత, పక్కన 0.60, దాని పక్కన కోడికాలు లాంటి చిన్న సంతకం కనిపించగానే ఏదో పాత పరిచయస్తుడు ఎదురైనట్టనిపించింది.

38వ పేజీలో నా లెక్క తప్పింది. అక్కడ పొడవు రెండు ముక్కలుగా రాసి ఉంది. మొదటి రీచ్ 176 మీటర్లు, రెండో రీచ్ 38 మీటర్లు, దాని ఎదుట "కల్వర్టు అవతల" అన్న మాట. ఆరు నెలలుగా మేము వెతుకుతున్న 38 మీటర్లు దొంగిలించినవి కావు, రోడ్డు దాటి అవతలికి వెళ్లినవి. మాలో ఒక్కరమైనా రోడ్డు దాటి చూడలేదు.

నాకు సంతోషం కలగలేదు. నిజం చెప్పాలంటే కాస్త చిన్నబోయాను. ఎదుటివాడు దొంగ అని తేలుతుందనుకొని వెళ్లిన మనిషికి అతడు దొంగ కాదని తేలినప్పుడు కలిగే నిరాశ ఒకటుంటుంది, అది అంత గౌరవప్రదమైనది కాదు. ఆ నిరాశలోనే పేజీలు ముందుకు తిప్పుతుంటే మూత పలకల లెక్క కంటపడింది. కాలువ మీద పరిచే ఆర్‌సీసీ పలకల మందం 0.10, అంటే పది సెంటీమీటర్లు. మా వీధిలో ఐదు పలకలు విరిగి పడి ఉన్నాయి. వాటి మందం ఎవరూ కొలవలేదు.

ఏఈ పాతికేళ్ల యువకుడు, మర్యాదస్తుడు. "ఆ వర్క్ టైంలో నేను లేను మేడమ్. అప్పటి ఏఈ గారు బదిలీ అయిపోయిండ్రు," అన్నాడు. అతడు చెప్పినది అబద్ధం కాదు. మునిసిపల్ కమిషనర్ గారూ మారారు. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గం గడువు ఈ జనవరితో తీరిపోయి, ఇప్పుడు ప్రత్యేకాధికారి పాలన నడుస్తోంది. గడువు ముగిసేలోగానే కొత్త ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. అయినా ఈరోజు మా వార్డు తరఫున అడగడానికి ఎన్నికైన మనిషి లేడు. 2019 నాటి మునిసిపాలిటీల చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి, యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు ఒక్కొక్కటి చొప్పున, ఒక్కోదానిలో పదిహేను మంది. వృద్ధుల కమిటీలో నా పేరూ ఉండేది. మొక్కలు నాటిన రోజున ఫొటోకు రమ్మన్నారు గాని, ఈ కాలువ ఎస్టిమేటును మాకెవరూ చూపించలేదు. మేమూ చూపించమని అడగలేదు, అది వేరే సంగతి.

అగ్రిమెంటు కూడా చూస్తానన్నాను. ఏఈ కాసేపు తటపటాయించి, బీరువాలోంచి ఫైలు తీసిచ్చాడు. అందులో పని పూర్తయిన తేదీ 14-9-2023 అని ఉంది. లోపాలు బయటపడితే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయవలసిన కాలం రెండేళ్లు. బిల్లుల్లోంచి ఎఫ్‌ఎస్‌డీ అనే సెక్యూరిటీ డిపాజిట్ పేరుతో పట్టి ఉంచిన సొమ్ము ఆ గడువు తీరాకనే కాంట్రాక్టరు చేతికి వెళుతుంది. నేను ఆ తేదీని రెండుసార్లు చదివి కాగితం మీద రాసుకోవడం చూసి, ఏఈ గొంతు తగ్గించి, "కంప్లైంట్ ఏదైనా ఉంటే ఈలోపే రాతపూర్వకంగా ఇయ్యండి మేడమ్. నాకూ నోటీసు పెట్టడానికి వీలైతది," అన్నాడు. ఈ రెండు నెలల్లో నాకు అక్కడ అందిన అత్యంత విలువైన సమాచారం ఆ మాటే, దానికి ఏ సెక్షనూ అక్కరలేకపోయింది.

గుమాస్తా ఆరు పేజీలకు పేజీకి రెండు రూపాయల చొప్పున పన్నెండు రూపాయలు కట్టమన్నాడు. గడువు దాటాక ఇచ్చే సమాచారం ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6)లో ఉందన్నాను. పన్నెండు రూపాయలు ఇవ్వలేక కాదు, ఆ ఆలస్యానికి కూడా ఎక్కడో ఒక లెక్క నమోదు కావాలని. అతడు లోపలికి వెళ్లి అడిగి వచ్చి, నవ్వుతూనే, ముద్ర వేసిన కాపీలు ఇచ్చాడు.

తిరిగి వస్తూ కల్వర్టు దగ్గర ఆటో దిగి రోడ్డు దాటాను. సర్కారు తుమ్మ పొదల కింద కాలువ నిజంగానే ఉంది. టేపు పరచలేదు, అడుగులతో లెక్కపెట్టుకుంటే సుమారుగా సరిపోయింది. చివర మాత్రం అది ఒక ఖాళీ ప్లాటులో ఠక్కున ఆగిపోయింది. అవతల చెరువు కట్ట కనిపిస్తూనే ఉంది, కాలువ అక్కడిదాకా వెళ్లదు. ఎస్టిమేటు అక్కడితో ముగిసింది కాబట్టి కాలువా అక్కడితో ముగిసింది. మొన్నటి వానకు మా వీధి నీళ్లన్నీ ఆ ప్లాటులోనే మడుగు కట్టాయి. దీని గురించి రెండో దరఖాస్తు అవసరమవుతుంది, ఈరోజుకు ఓపిక లేదు.

ఇంటికి రాగానే స్కేలు తీసుకొని విరిగిన పలక దగ్గర కూర్చున్నాను. విరిగిన అంచులో తుప్పుపట్టిన ఇనుప చువ్వ బయటికి పొడుచుకు వచ్చింది, కంకర వేలితో గీకితే రాలుతోంది. మొదటి పలక మందం ఏడు సెంటీమీటర్లు. రెండోది ఏడుంపావు. ఐదింటిలో ఒక్కటీ ఎనిమిది దాటలేదు. ఆరు నెలలుగా ఈ పలకల మీదుగా దాటుకుంటూనే మేము 38 మీటర్ల గురించి మాట్లాడుకున్నాం.

ఈ సాయంత్రం పదేపదే రాజస్థాన్‌లోని కోట్ కిరానా గుర్తుకొచ్చింది. 1994 డిసెంబరులో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వారు అక్కడ తొలి జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ, పెట్టి, ఊళ్లో జరిగిన పనుల మస్టర్ రోళ్లను (కూలీల హాజరు పట్టీలను), బిల్లులను జనం ముందు బిగ్గరగా చదివి వినిపించారు. 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా, చివరికి 2005 నాటి సమాచార హక్కు చట్టం, అన్నీ ఆ చదవడం తర్వాత వచ్చినవే. అక్కడి కూలీలు తమ పేర్లు తామే విన్నారు కాబట్టి, ఏది అబద్ధమో వాళ్లకు వెంటనే తెలిసింది. మా కాలనీలో ఎం-బుక్కు చదివి వినిపిస్తే ఎంతమంది కూర్చుంటారో చెప్పలేను.

రాత్రి ఎనిమిదింటికి అసోసియేషన్ కార్యదర్శి ఫోన్ చేశారు. "ఏమైందక్కా, 38 మీటర్లు దొరికినయా?" "దొరికాయి తమ్ముడూ, రోడ్డు అవతల తుమ్మ చెట్ల కింద ఉన్నాయి," అన్నాను. అవతల కొంతసేపు నిశ్శబ్దం. పలకల మందం గురించి చెప్పబోతే, "మూడు సెంటీమీటర్లకు ఎవరు కదులుతరక్కా," అన్నారు. అప్పటికే నేను పలకలు ఎన్నున్నాయో లెక్కగట్టి, ఆ మూడు సెంటీమీటర్లకు ఎంత కాంక్రీటు తగ్గిందో కాగితం మీద వేసుకొని ఉన్నాను. ఆ అంకె ఆయనకు చెప్పాను. రేపు తానూ వస్తానన్నారు, చూడాలి.

ఫిర్యాదు రెండు ప్రతులు రాశాను. ఐదు పలకల కొలతలు, ఎం-బుక్కు పేజీ నంబరు, పని పూర్తయిన తేదీ వేశాను, నమూనా తీసి పరీక్షకు పంపమని అడిగాను. దొంగతనం, అవినీతి అన్న మాటలు మొదట రాసి, తర్వాత ఒక గీత కొట్టి, కొత్త కాగితం మీద అవి లేకుండా రాశాను. సెప్టెంబరు 14కు ఇంకా 68 రోజులు ఉన్నాయి. ఇన్‌వార్డు సెక్షన్ పదిన్నరకు తెరుస్తారు. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకొని రావాలి.