మణికట్టు దగ్గర ముడి
నా యానిమేషన్ షోరీల్ (ఉద్యోగాలకు పంపడానికి మంచి షాట్లు ఏరి కలిపే చిన్న వీడియో) కోసం రాత్రి పాత ప్రాజెక్టులన్నీ తెరిచి కూర్చున్నా. మొదటి సెమిస్టర్‌లో చేసిన వాక్ సైకిల్, అంటే బొమ్మ నడక, చూస్తే నాకే నవ్వొచ్చింది, మనిషి నడుస్తున్నట్టు లేదు, బురదలో జారుతున్నట్టుంది. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచితే 12 బొమ్మలు చాలు, ఆ లెక్క తెలుసు గానీ ఒంటి బరువు ఏ కాలి మీద పడుతుందో చూడటం అప్పట్లో తెలీదు.

కళ్లు తెరిపించింది మాత్రం నిమ్మలకుంట. ధర్మవరం దగ్గరే, అనంతపురం నుంచి బస్సులో వెళ్లొచ్చా. తోలుబొమ్మలు చేసే ఒక పెద్దాయన బొమ్మ మోచేతి దగ్గర దారం ముడి చూపించి, "ఇది బిగిస్తే చెయ్యి కట్టె అయిపోతాది నాయనా, రవ్వంత వదులుండాల" అన్నాడు. ఇంటికొచ్చి యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో చూస్తే నాదీ అదే తప్పు. భుజం, మోచెయ్యి, మణికట్టు మూడూ ఒకే ఫ్రేములో టక్కున ఆగుతున్నాయి. మణికట్టును మూడు ఫ్రేములు ఆలస్యం చేశా, అంతే, చేతికి ప్రాణం వచ్చింది.

రీల్‌లోంచి డ్రాగన్ ఫైట్ తీసేస్తున్నా (నెలన్నర పోసిన పని, ప్రాణం ఉసూరుమంటోంది). టవర్ క్లాక్ దగ్గర టీ తిరగబోసే అన్న షాట్ మొదట్లోనే పెడుతున్నా. అమ్మకు చూపిస్తే, "టీ బాగుంది, జీతం ఎప్పుడొస్తాది?" అంది. ముందు వీడియో రెండరై బయటికి రానీమ్మా అన్నా.