ఆకుల కదలికే సీత

రాముడు తలెత్తి చూస్తాడు. సీత ఉండదు. గాలికి ఆకులు కదులుతాయి, అంతే. ఆ కదలికే సీత!

ఇవాళ మధ్యాహ్నం 'కాంచన సీత' చూశాను. 1977లో అరవిందన్ తీసిన మలయాళ సినిమా. కానీ షూటింగ్ మన ఆంధ్ర అడవుల్లో, గోదావరి పక్కన. రామలక్ష్మణులుగా వేసింది చెంచులు. ఎన్టీఆర్ రాముణ్ని చూస్తూ పెరిగిన నాకు ఈ రాముడు ఒక పట్టాన వదలడం లేదు.

కెమెరా షాజీ ఎన్. కరుణ్. అప్పటికి ఆయనకి పాతికేళ్లు! సెట్టింగుల్లేవు, ఉన్నదల్లా అడవి, నది, వెలుతురు. వాటితోనే కనిపించని మనిషిని చూపించాలి. ఎంత టెన్షన్ పడి ఉంటారో అనిపించింది.

తర్వాత అరవిందన్ సినిమా 'తంపు'కి కెమెరా పనితనానికి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. సొంతంగా 'పిరవి' తీసింది మాత్రం 1988లో. కనపడకుండా పోయిన కొడుకు కోసం రోజూ బస్సు దగ్గరికి వెళ్లే తండ్రి కథ. కాన్ చిత్రోత్సవంలో మెచ్చుకున్నారు. అన్నేళ్లు ఇంకొకరి కథకి కన్ను అరువిచ్చాడు కాబట్టే ఆ ఓపిక వచ్చిందని నా నమ్మకం.

2025 ఏప్రిల్‌లో షాజీ పోయారు.

'తంపు' రిస్టోర్ చేసిన ప్రింట్ హైదరాబాద్‌లో ఎక్కడైనా వేస్తే చెప్పండి. సెలవు పెట్టి మరీ వస్తాను.