పుచ్చకాయ రిపోర్టు

నేనేం ఉద్యోగం చేస్తానో మా నాయనకి అర్థమయ్యేట్టు చెప్పడం ఇన్నేళ్ళలో నా వల్ల కాలేదు. "కంప్యూటర్లు ఆగిపోకుండా చూస్తుంటాను నాయనా" అంటే, "మరి ఈడ ఆగిపోతే చూడవే?" అన్నాడొకసారి. నవ్వేసి ఊరుకున్నాను.

జీతమిచ్చేది హైదరాబాద్ కంపెనీ, పని మాత్రం ఇంగ్లండ్‌లోని ఒక ఇన్సూరెన్స్ వాళ్ళది. వాళ్ళ అప్లికేషన్లని, అంటే సాఫ్ట్‌వేర్లని, సొంత డేటా సెంటర్ నుంచి క్లౌడ్‌లోకి, అంటే అద్దె సర్వర్లలోకి మార్చి, ఆ తర్వాత రాత్రీ పగలూ కాపలా కాసే కాంట్రాక్ట్. కరోనాకి కందుకూరు వచ్చినదాన్ని వచ్చినట్టే ఉండిపోయాను. మధ్యాహ్నం ఒకటిన్నరకి షిఫ్ట్ ఎక్కితే రాత్రి పదిన్నరకి దిగుతాను. పొద్దునంతా ఖాళీ కాబట్టి 2023 ఫిబ్రవరిలో ఒకరోజు నాయన వెంట పంట నమోదు చేసే ఆఫీసుకి వెళ్ళాను. పంట నమోదుకి ఆయన వేలిముద్ర వెయ్యాలి. అప్పటికే రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు, "సర్వర్ బిజీ అంట, రేపు రమ్మన్నారు" అని.

పొగాకు రెలిచే రోజులు, అంటే ఆకు కోత. పనిలో ఉన్నవాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది, ఆకు జిగురు పట్టి, మట్టి అంటి, బొటనవేలు తారు పూసినట్టు ఉంటుంది. సబ్బుకి పోదు. చింతపండు పెట్టి రుద్దినా గీతల్లో నలుపు మిగిలే ఉంటుంది. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి తప్పేం లేదు పాపం, ఆఫీసు నెట్ రాక తన సొంత ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొస్తోంది. ఇంకో చిక్కేంటంటే, 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది కదా, అప్పుడు ఒక స్క్రీన్‌లో మేం నెల్లూరు, ఇంకో స్క్రీన్‌లో ఇంకా ప్రకాశమే. జిల్లా మారడమంటే బోర్డులు మార్చడం ఒక్కటే కాదు. ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంటుంది, ఆ కోడ్‌ని పట్టుకుని వేలాడే ప్రతి డేటా పట్టికా మారాలి. మాలాగా కంప్యూటర్ల పని చేసేవాళ్ళకి తప్ప ఈ బాధ ఎవరికీ పట్టదు.

నాయన వేలు పెట్టాడు. గిర్రున తిరిగి ఎర్ర అక్షరాలొచ్చాయి. ఆ వేలిముద్ర ఎంత దూరం పోవాలో నాకు తెలుసు. మిషన్ నుంచి ఫోన్‌కి, అక్కడి నుంచి డిపార్ట్‌మెంట్ సర్వర్‌కి, అక్కడి నుంచి ఆధార్‌కి. ఆధార్ డేటా సెంటర్లు ఒకటి బెంగళూరులో, ఇంకొకటి హర్యానా మానేసర్‌లో ఉన్నాయి. జవాబు మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. ఎక్కడ తెగినా ఇక్కడ కనపడేది "సర్వర్ బిజీ" ఒక్కటే. నా ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి చూశాం. ఈసారి పోయి తిరిగొచ్చింది గానీ వేలు కలవలేదంది. "బాబాయ్, మధ్యవేలు పెట్టండి" అందా అమ్మాయి. నాలుగోసారికి పచ్చ టిక్ పడింది. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో ఏ డేటా సెంటర్లోనూ ఏ సర్వరూ ఆగి ఉండదు. సర్వర్లు ఎంతసేపు నడిచాయో చెప్పే ఆ నెల రిపోర్టులో ఆ పూట పచ్చగానే ఉండి ఉంటుంది.

ఆ మాట అంత గట్టిగా ఎందుకంటున్నానంటే, అలాంటి రిపోర్టులు రాసేది నేనే. మా ఒప్పందంలో 99.95 శాతం అని ఉంది. 30 రోజుల నెలకి 21 నిమిషాలకి మించి అప్లికేషన్ ఆగకూడదు, ఆగితే పెనాల్టీ. ముందే చెప్పి ఆపితే లెక్కలోకి రాదు. ఇంతకీ కొలిచేది ఎక్కడ? మా క్లౌడ్ గడప దగ్గర. మనిషి కూర్చున్న కుర్చీ దగ్గర కాదు. దీనికి మా ఫీల్డ్‌లో ఒక పేరు కూడా ఉంది, పుచ్చకాయ రిపోర్టు. పైన పచ్చ, కోస్తే ఎరుపు.

ఆ మధ్యాహ్నం షిఫ్ట్‌లో మొదటి టికెట్, అంటే ఫిర్యాదు, ఆ ఇన్సూరెన్స్ వాళ్ళ లీడ్స్ ఆఫీసు నుంచి. క్లెయిమ్ పేజీ తెరుచుకోడానికి నలభై సెకన్లు పడుతోందట. అదే ఫిర్యాదు, మూడోసారి. అప్లికేషన్ మాది, నెట్‌వర్క్ ఇంకో కంపెనీది, లాప్‌టాప్‌లు మూడో వాళ్ళవి, ఫోనెత్తే హెల్ప్‌డెస్క్ నాలుగో వాళ్ళది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, వచ్చిన టికెట్‌ని వచ్చినట్టే పక్కవాడికి తోసేస్తాం. అంతకుముందు రెండుసార్లూ "మా వైపు అంతా బాగానే ఉంది" అని మూసేసింది నేనే. ఆ రోజు చెయ్యి రాలేదు. స్క్రీన్ షేర్ చెయ్యమన్నాను. అప్లికేషన్ క్లౌడ్‌లోకి వచ్చి ఏడాదైనా, లీడ్స్ నుంచి వచ్చే ప్రతి క్లిక్కూ ముందు పాత డేటా సెంటర్‌కి పోయి అక్కడి నుంచి మా దగ్గరికొస్తోంది. గుడ్లూరు పోవడానికి ఒంగోలు చుట్టి వచ్చినట్టు. మేం జవాబిచ్చేది సెకనులోపే. మిగతాదంతా దారి ఖర్చు. ఆ దారి మార్చడం మా ఒప్పందంలో లేదు, నెట్‌వర్క్ వాళ్ళ ఒప్పందంలోనూ లేదు.

ఇది చిన్న విషయమని అనుకోను. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో కొత్త కంప్యూటర్ వ్యవస్థకి మారినప్పుడు డేటా చుక్క పొల్లుపోకుండా చేరింది. ఖాతాదారులు మాత్రం లోపలికి రాలేకపోయారు, 19 లక్షల మంది దాకా. 2022 డిసెంబర్లో ఆ బ్యాంక్‌కి పడ్డ జరిమానా 4.865 కోట్ల పౌండ్లు. అవుట్‌సోర్సింగ్‌ని సరిగా కనిపెట్టుకోలేదన్నది కూడా అందులో ఒక కారణం.

ఆ నెల రిపోర్టులో ఒక వరస కొత్తగా చేర్చాను, లీడ్స్ కుర్చీ దగ్గర పేజీ తెరుచుకునే టైమ్. ఎర్రగా వచ్చింది. మేనేజర్ ఫోన్ చేసి, "కాంట్రాక్ట్‌లో లేని కొలత మనమెందుకు చూపించాలమ్మా" అన్నాడు మర్యాదగానే. తీసేశాను. అబద్ధమెందుకు, ఇంక్రిమెంట్ల నెల అది. నా సొంత షీట్‌లో మాత్రం ఆ వరస ఉంచుకున్నాను. రెండు నెలల తర్వాత క్లయింటే అడిగితే అదే పంపాను.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి టీ తీసుకెళ్తే, నాయన కూలోళ్ళతో కూర్చుని ఆకు కడుతున్నాడు. కుడిచేతి మధ్యవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. తెగిందేమోనని కంగారుగా అడిగాను.

"తెగలేదమ్మా, సర్వర్‌కి" అన్నాడు.