తాడు కట్టిన పద్దుల పుస్తకం

మాది అంబాజీపేట దగ్గర చిన్న కొబ్బరి పీచు మిల్లు. 2018 వేసవిలో ఒక మధ్యాహ్నం ప్రావిడెంట్ ఫండ్ తనిఖీ అధికారి వచ్చారు. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు ఇచ్చాను. ఆయన చూపు గల్లాపెట్టె మీది ఎర్ర అట్ట పుస్తకం మీద పడింది. “ఇదీ తీసుకెళ్తాను” అన్నారు.

కొబ్బరి డొక్కలు అమ్మే రైతులకిచ్చిన బయానాలు, నాన్నగారి ఆస్పత్రి ఖర్చు, చెల్లెలి పెళ్లి అప్పు, అన్నీ అందులోనే. కూలి లెక్కలు కూడా వాటి మధ్యే రాసిన బద్ధకం నాదే.

అమలాపురంలోని మా వకీలుగారికి ఫోను చేశాను. కెనరా బ్యాంకు కేసు గురించి ఎప్పుడో చదివాను. కలెక్టరు రాసిస్తే చాలు, ఎవరైనా ఏ ప్రాంగణంలోకైనా వెళ్లి కాగితాలు చూసి పట్టుకుపోవచ్చని మన రాష్ట్రం 1986లో స్టాంపు చట్టాన్ని సవరించింది. 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాగితాలు బ్యాంకు చేతిలో ఉన్నా ఖాతాదారు గోప్యత పోదని చెప్పింది.

“ఆ తీర్పు చెప్పి పంపేయమంటారా?” అన్నాను.

ఆయన నవ్వారు. “అది స్టాంపు చట్టం మీద బాబూ. పి.ఎఫ్. చట్టం 13వ సెక్షన్ నిక్షేపంగా ఉంది. చూడనివ్వు, రాసుకోనివ్వు. పట్టుకెళ్లాలంటే మాత్రం నేరం జరిగిందని నమ్మడానికి కారణం ఉండాలి. అప్పుడైనా దానికి సంబంధించిన భాగం వరకే. ఆ కారణం రాసిమ్మని మర్యాదగా అడుగు.”

అడిగాను. గొంతు వణికింది. అధికారి కాసేపు నన్నే చూసి, కుర్చీ వేయమన్నారు. కూలి లెక్కల పేజీలు తెరిచి, మిగతావి కొబ్బరి తాడుతో కట్టి ముందు పెట్టాను. బొండాం తాగి, చీకటి పడేదాకా రాసుకున్నారు. నా కంటే ఆయన దస్తూరీయే బాగుంది.

విచారణకు రెండుసార్లు వెళ్లాను. పీచు ఎండబెట్టే ఆడవాళ్లు రోజు కూలీలు, వాళ్లను లెక్కలో కలపాలా వద్దా అన్నదే పేచీ. కలిపితే ఇరవై దాటుతుంది, చట్టం వర్తిస్తుంది. ఫిబ్రవరిలో ఇరవై రెండు పేర్లు నా చేత్తో రాసినవే. ఇక వాదించడానికేముంది? బకాయి కట్టాను.

“ఇంతా చేసి మనకు మిగిలిందేమిటి?” అంది మా ఆవిడ.

“చెల్లెలి అప్పు సంగతి ఊరికి తెలియలేదు” అన్నాను. మర్నాడే కూలి లెక్కలకు వేరే పుస్తకం కొన్నాను.