కినాషి పైన్ మళ్లలో

జపాన్‌లోని తకమత్సులో యోసన్ లైన్ లోకల్ రైలెక్కితే రెండో స్టేషనే కినాషి. చలికాలం చివర్లో వెళ్లాను, పైన్ చెట్లను నేల నుంచి పైకి తీసే అదను అదే. ఇళ్ల మధ్య కూరగాయల మళ్లలా కనిపించేవన్నీ దగ్గరికెళ్తే పైన్ మళ్లే. జపాన్ పైన్ బోన్సాయ్‌లో, అంటే కుండీల్లో పొట్టిగా పెంచే పైన్ చెట్లలో, దాదాపు 80 శాతం ఇక్కడి నుంచి, పక్కనున్న కొకుబుంజి నుంచి వస్తుందంటారు.

మట్టి చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఇసుక నేల, నీరు నిలవదు. కురోమత్సు అనే నల్ల పైన్‌కి ఇంతకంటే ఏం కావాలి! బంకమట్టి ఉన్నచోట ఎత్తుగా బోదె తోలి నాటాలి, లేకపోతే వేళ్లు కుళ్లుతాయి.

చిన్న మొక్కలకు అప్పటికే లోహపు తీగ చుట్టి ఉంది. పెన్సిలంత లావున్నప్పుడే కాండం మొదలును వంచాలి. బొటనవేలంత అయ్యాక అడుగు భాగం మాట వినదు. నాటేటప్పుడు తల్లివేరు కత్తిరించి, పక్కవేళ్లను చుట్టూ పరచాలి. కొన్నిటికి తీగ బెరడులోకి దిగిపోయింది. నల్ల పైన్‌లో ఆ గాట్లను ముతక బెరడు ఏళ్లమీద కప్పేస్తుంది. నునుపు బెరడున్న మేపుల్‌లో అలా వదిలితే మచ్చ పోదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం మోకాలెత్తు చెట్ల నెత్తిన నిటారుగా లేచిన పొడవాటి రెమ్మలు. చూస్తే పట్టించుకోక వదిలేశారనిపిస్తుంది. కానీ మొదలు బలిసేది వాటివల్లే: పైన ఆకు ఎంత ఉంటే కింద కాండం అంత లావెక్కుతుంది. ఆ రెమ్మ కింది భాగమంతా సూదుల్లాంటి ఆకులు పీకేసి, కొసన గుబురు మాత్రం ఉంచారు. ఎండ కింది కొమ్మలకు అందాలి కదా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నల్ల పైన్ ఆకు లేని ముదురు చెక్క నుంచి దాదాపు చిగురించదు. కింది కొమ్మలు నీడలో ఎండిపోతే మిగిలేది లావుపాటి గడకర్రే.

ఆ రెమ్మను మరీ ఆలస్యంగా కోసినా చిక్కే, పెద్ద గాయం పూడదు. అందుకే అది మొదలంత లావెక్కకముందే తీసేసి, కిందున్న కొమ్మను కొత్త నాయకుడిగా, అంటే చెట్టు కొసగా, లేపుతారు. అడుగున లావు, పైకి పోనుపోను సన్నం అలా వస్తుంది.

వేళ్ల పని తేలిక: రెండు మూడేళ్లకోసారి చెట్టు చుట్టూ పార దింపి కోస్తే కాండం మొదలు దగ్గరే పీచువేళ్లు పుడతాయి. ఈ కోత తప్పించిన చెట్టును తవ్వితే చేతికొచ్చేవి నాలుగు మోటు వేళ్లే.

పైకి తీశాక మట్టంతా కడిగేయకూడదు. వేళ్లనంటి ఉన్న తెల్లటి బూజు పైన్‌కి నేస్తం, పాత మట్టి సగమైనా ఉండాలి. వెంటనే చిన్న కుండీ వద్దు. ముతక ఇసుక నింపిన వెడల్పు పెట్టెలో పెట్టి, ఆ ఏడాది కొమ్మల జోలికి పోకుండా నీళ్లు పోస్తూ ఉండాలి.