జెమినిడ్ ఉల్కల లెక్క: నా అనుభవం

డిసెంబర్ 13, 14 తేదీల్లో జెమినిడ్ ఉల్కలు "గంటకు 120 పైనే" అని ఏటా వార్తల్లో వస్తుంది. ఆ అంకె నమ్ముకుని ఆర్కే బీచ్‌లో నిలబడితే ఒకటో రెండో కనిపించడమే గగనం. ఆకాశం బాగా నల్లగా ఉండి, ఉల్కలు వచ్చే దిక్కు నడినెత్తిన ఉంటే వచ్చే లెక్క అది. విశాఖలో పోర్టు దీపాలు, స్టీల్ ప్లాంట్ వెలుగు, పైగా సముద్రపు తేమ.

నాకు ఊరికే చూడ్డం కాదు, పద్ధతిగా లెక్కపెట్టి అంతర్జాతీయ ఉల్కా సంస్థకు పంపాలని కోరిక. మామూలు మనుషులు పంపే లెక్కలనూ వాళ్లు తీసుకుంటారు. టెలిస్కోప్ అక్కర్లేదు. ఉన్నా దండగే, దాంట్లో ఆకాశం పిసరంత కనిపిస్తుంది.

భీమిలి దాటాక దీపాలు లేని చోటు చూసుకుని చాప పరిచాం. "ఏట్రా, చలిలో చుక్కలు లెక్కెట్టడానికా నన్ను లాక్కొచ్చావు?" అన్నాడు మా బావ. అన్నాడు గానీ ఫ్లాస్కులో టీ తెచ్చింది ఆయనే. కళ్లు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది. ఆలోగా ఫోన్ తీస్తే మళ్లీ మొదటికి. టార్చికి ఎర్ర కాగితం చుట్టాను.

కాసేపటికి బావ అసలు ప్రశ్న వేశాడు. "ఇన్ని రాలితే చుక్కలు అయిపోవా?"

రాలేవి చుక్కలు కావు, దుమ్ము. చాలా ఉల్కాపాతాలకు తోకచుక్కలు వదిలిన ధూళి కారణం. జెమినిడ్లది వేరే కథ. వీటి మూలం ఫేథాన్ అనే గ్రహశకలం, 1983లో ఒక ఉపగ్రహం కంట పడింది. సూర్యుడి చుట్టూ తిరుగుతూ బుధుడికంటే లోపలికి వెళ్లొస్తుంది. దాని దారిలో పరుచుకున్న రేణువుల్లోంచి భూమి ఏటా డిసెంబర్‌లో దూసుకెళ్తుంది.

ఇసుక రేణువంతది సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి వస్తే ఏమవుతుంది? ఆర్కే బీచ్ నుంచి భీమిలికి సెకను కూడా పట్టని వేగం అది. దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తులో గాలి చాలా పలచన. అయినా ఆ వేగానికి గాలి అణువులు గుద్దుకుని రేణువు పైపొర ఆవిరైపోతుంది. ఆ ఆవిరి, చుట్టూ ఉన్న గాలి కలిసి వెలుగుతాయి. మంట అంటాం గానీ కట్టె కాలినట్టు కాలడం కాదు. పెద్ద రాయైతే ముందున్న గాలి నలిగి, సైకిల్ పంపు వేడెక్కినట్టు, విపరీతంగా వేడెక్కుతుంది. ఉల్క వెళ్లిన దారిలో మిగిలే గీతల్లో విద్యుదావేశం ఉన్న గాలి రేడియో తరంగాలను తిప్పికొడుతుంది. ఇదే కిటుకుతో ఒకప్పుడు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు రేడారుతో ఉల్కలను గమనించారు.

లెక్కలో అసలు కష్టం వేరు చేయడంలో ఉంది. గీతను వెనక్కి పొడిగిస్తే మిథున రాశిలో కాస్టర్ అనే నక్షత్రం దగ్గరికి, అంటే మన పునర్వసు వైపు, చేరితే జెమినిడ్. చేరకపోతే ఫారంలో వేరే గడిలో వేయాలి. ప్రతిదాని కాంతీ అంచనా వేయాలి, మేఘం ఎంత కమ్మిందో రాయాలి. కళ్లకు ఎంత మసక నక్షత్రం ఆనుతోందో చెప్పాలి, దానికి నిర్ణీత నక్షత్రాల మధ్య కనిపించేవి లెక్కపెట్టాలి. ఇదంతా చీకట్లో నోటితో చెబుతూ రికార్డు చేసుకున్నాను, కాగితం చూస్తే ఆకాశం పోతుంది మరి.

అర్ధరాత్రి దాటాక ఉల్కలు జోరందుకున్నాయి. బావ "అదిగో!" అని నావి కూడా తన ఖాతాలో వేసుకోబోయాడు. ఇద్దరి లెక్కలూ కలపకూడదు, ఎవరిది వాళ్లదే పంపాలి. ఆయన ఫారం కూడా నేనే నింపాల్సి వచ్చింది. అందులో పరిశీలకుడి పేరు దగ్గర ఇంటిపేరుతో సహా రాయమన్నాడు.